ఇంట్లో బండి పనికి సాకెట్ సెట్: ఏం చూసి కొనాలి?

కొత్తపానా:
ఒక కారు, ఒక 150 సీసీ బైకు. ఆయిల్ మార్చడం, బ్రేక్ ప్యాడ్లు, స్పార్క్ ప్లగ్, బ్యాటరీ, చక్రాలు విప్పడం వరకే పని. ఇంజను దించే ఉద్దేశం లేదు. ఇప్పుడున్నవి మామూలు స్పానర్లే. సాకెట్ సెట్లు 40 ముక్కల నుంచి 216 ముక్కల దాకా కనిపిస్తున్నాయి, అన్నిటి మీదా క్రోమ్ వెనేడియం అనే రాసుంది. డ్రైవ్ (హ్యాండిల్ మీద సాకెట్ కూర్చునే చదరపు మొన) ఏ సైజు తీసుకోవాలి? సాకెట్ లోపల మూలలు ఎన్ని ఉండాలి, 6 పాయింట్లా, 12 పాయింట్లా? రాచెట్‌కి (సాకెట్‌ని ఒక వైపే తిప్పి, వెనక్కి ఊరికే వచ్చే హ్యాండిల్) పళ్లు ఎక్కువుంటే మంచిదేనా? చేతిలోకి తీసుకున్నప్పుడు నాణ్యత ఎలా పసిగట్టాలి?

నట్టుబోల్టు:
ముందు ఆ ముక్కల లెక్క మర్చిపోండి. పెద్ద సెట్లలో అంకె పెంచేవి స్క్రూడ్రైవర్ బిట్లు, ఎలెన్ కీలు, మీరు ఎప్పటికీ ముట్టుకోని అంగుళాల సైజులు. అసలు సాకెట్లు ఎన్ని, ఏయే సైజులు అన్నదే లెక్క.

మీ పనుల్లో ఎక్కువ భాగం 3/8 అంగుళం డ్రైవ్‌తో అయిపోతాయి. దాని చదరం 9.5 మి.మీ. బైకు ప్యానెళ్లు, ఎం5, ఎం6 (అంటే మర మందం 5, 6 మి.మీ.) బోల్టులకు 1/4 అంగుళం చాలు. చక్రాలకు, సస్పెన్షన్‌కు 1/2 అంగుళం కావాలి. "అర అంగుళం ఒక్కటి ఉంటే అన్నీ అయిపోవూ?" అని చాలామంది అడుగుతారు. ఎం6 బోల్టుకు (బలం గ్రేడు 8.8) సుమారు 10 న్యూటన్ మీటర్ల బిగువు చాలు. 250 మి.మీ. హ్యాండిల్ చివర 10 కిలోల బలం పెడితే బోల్టు మీద పడేది దాదాపు 25. చేతికి గట్టిగా తిప్పినట్టే ఉండదు, ఈలోపు బోల్టు తెగుతుంది. అల్యూమినియంలో ఉంటే లోపలి మరలు ఊడొస్తాయి.

సైజుల దగ్గర ఒక మెలిక ఉంది. ఎం6 తల దాదాపు అన్ని బండ్లలోనూ 10 మి.మీ. ఎం8 దగ్గర దారులు వేరవుతాయి: జపాన్ పద్ధతి బండ్లలో 12, యూరప్ బండ్లలో 13. ఎం10 తల జపాన్ పద్ధతిలో 14, మిగతాచోట్ల 16 లేదా 17. ఎం12 అయితే 17, లేదంటే 18, 19. అందుకే 8 నుంచి 19 దాకా మధ్యలో ఒక్క సైజూ ఎగిరిపోకుండా ఉన్న సెట్ తీసుకోండి. 16, 18 లేని పెట్టెలు చాలా ఉన్నాయి, మూత తెరిచి వరసగా చదవండి. వీల్ నట్లకు 17, 19, 21లో ఏదో ఒకటి పడుతుంది. 10, 12, 13, 14 సైజుల్లో పొడుగు సాకెట్లు కూడా ఉండాలి, నట్టులోంచి స్టడ్ బయటికి పొడుచుకొచ్చిన చోట పొట్టివి కూర్చోవు.

స్పార్క్ ప్లగ్ సాకెట్ మాత్రం సెట్‌లో వచ్చింది కదా అని నమ్మొద్దు. 16 మి.మీ., 21 మి.మీ. ఎక్కువగా కనిపిస్తాయి, కొన్ని కొత్త ఇంజన్లకు 14 మి.మీ. 12 పాయింట్లది కావాలి. మీ ప్లగ్ నంబరు చూసి విడిగా కొనండి. లోపల రబ్బరు లేదా అయస్కాంతం లేకపోతే ప్లగ్ గొయ్యిలోనే ఉండిపోతుంది.

గ్రీజుచేతులు:
6 పాయింట్లే. 12 పాయింట్లది ప్రతి 30 డిగ్రీలకు కూర్చుంటుంది కాబట్టి ఇరుకులో స్పానర్‌కు సుఖం. సాకెట్‌ని రాచెట్టే తిప్పుతుంది, ఆ వెసులుబాటుతో పెద్ద పని లేదు. 12 పాయింట్లది బోల్టు మూలలకు దగ్గరగా ఆనుతుంది. కాస్త తుప్పు పట్టి తల సన్నబడిందంటే ఆ మూలలే ముందు కొరుక్కుపోతాయి. మంచి 6 పాయింట్ల సాకెట్లలో లోపలి మూలల్ని కొద్దిగా వెనక్కి తవ్వి ఉంటారు, బలం బోల్టు మూల మీద కాకుండా పలక మీద పడుతుంది. వెలుతురులో లోపలికి చూస్తే ఆ చిన్న గాడి తెలుస్తుంది. 12 పాయింట్లు తప్పనిసరయ్యేది బోల్టు తలే 12 పాయింట్లది అయినప్పుడు.

సాకెట్ అంచు కూడా చూడండి. లోపలి అంచుకు ఏటవాలు కోత ఉంటుంది, బోల్టు మీదికి సులువుగా జారడానికి. అది మరీ లోతుగా ఉంటే పలుచటి తలల్ని పట్టుకునే మేర తగ్గిపోయి, బలం పెట్టగానే ఎగిరిపోతుంది.

రాచెట్ పళ్ల సంగతి: 24 పళ్లంటే ఒక్కో క్లిక్కుకు 15 డిగ్రీలు, 36కి 10, 72కి 5. 200 మి.మీ. హ్యాండిల్ చివర కొలిస్తే 24 పళ్లదాన్ని 52 మి.మీ. ఊపాలి, 72 పళ్లదానికి 17 మి.మీ. చాలు. బ్యాటరీ ట్రే కింద చెయ్యి దూరని చోట ఈ తేడా బాగా తెలుస్తుంది. 72 సరిపోతుంది. 120 పళ్లవి ఉన్నాయి గానీ పళ్లు సన్నబడే కొద్దీ చిక్కటి గ్రీజు, ఇసుక పడనివ్వకూడదు. పళ్లను పట్టే లోపలి కొక్కెం పూర్తిగా దిగకపోతే లోడు మీద జారుతుంది, చెయ్యి వెళ్లి రేడియేటర్‌కి తగులుతుంది.

పళ్లకంటే ముందు చూడాల్సింది వెనక్కి తిప్పినప్పటి బిగువు. సాకెట్‌ని రెండు వేళ్లతో పట్టుకుని హ్యాండిల్‌ని వెనక్కి తిప్పండి. సాకెట్ కూడా తిరిగిపోతోందంటే, సగం వదులైన బోల్టు మీద ఆ రాచెట్ పని చెయ్యదు: ముందుకు ఎంత విప్పితే వెనక్కి అంత బిగిస్తుంది.

టార్క్‌బాబాయి:
క్రోమ్ వెనేడియం అన్నది ఉక్కు రకం పేరు మాత్రమే. కొలత ఎంత కచ్చితంగా ఉంది, కాల్చి చల్లార్చడం ఎంత సరిగా జరిగింది అన్నది ఆ ముద్రలో ఉండదు. చేతి సాకెట్లకు డిన్ (జర్మన్ ప్రమాణం) 3124, రాచెట్లకు డిన్ 3122 అని ముద్ర ఉంటే కొంత నయం. రాచెట్ ప్రమాణంలో కనీస పరీక్ష టార్క్ (తిప్పే బలం) 1/4 అంగుళానికి 62, 3/8కి 202, 1/2కి 512 న్యూటన్ మీటర్లు. ముద్ర ఎవరైనా కొట్టొచ్చు కాబట్టి చేత్తో చూసేవి కూడా చూడండి: సాకెట్ లోపల లోహపు పొరకలు, పొక్కులు లేచిన క్రోమ్, ఎక్స్‌టెన్షన్ (సాకెట్‌కూ హ్యాండిల్‌కూ మధ్య పెట్టే కడ్డీ) మీద వదులుగా ఊగడం, తలకిందులు చేస్తే రాలిపోయే సాకెట్. పొక్కు లేచిన క్రోమ్ వేళ్లను బ్లేడులా కోస్తుంది. కొత్త 13 మి.మీ. బోల్టు ఒకటి జేబులో వేసుకెళ్లి సాకెట్ పెట్టి అటూ ఇటూ తిప్పి చూడటం అన్నిటికన్నా తేలిక.

సెట్ డబ్బులో కొంత మిగిల్చి రెండు విడిగా కొనండి. ఒకటి 450 నుంచి 600 మి.మీ. బ్రేకర్ బార్ (రాచెట్ లేని పొడుగు హ్యాండిల్), అర అంగుళం డ్రైవ్‌ది. వీల్ నట్లు విప్పడానికి అదే. రెండోది టార్క్ రెంచ్ (అనుకున్న బిగువుకు కొలిచి బిగించే పానా): కారు చక్రాలకు 40–200 న్యూటన్ మీటర్లది, బైకుకు 5–25 ది. ఒక్కదానితో రెండూ కుదరవు, స్కేలు కింది 20 శాతంలో రీడింగు నమ్మదగ్గది కాదు. టార్క్ రెంచ్‌తో విప్పకూడదు. పనయ్యాక స్కేలు మీది కనిష్ఠ గుర్తుకు తిప్పి పెట్టాలి, అంతకన్నా కిందికి వద్దు. నిటారు ఎక్స్‌టెన్షన్ వేసినా రీడింగు మారదు. మరలకు నూనె రాసి అదే అంకెకు బిగిస్తే మాత్రం బోల్టు మీద లాగుడు పెరుగుతుంది, ఎందుకంటే రాపిడి తగ్గింది. మాన్యువల్‌లో పొడి మరలకు ఇచ్చిన అంకె నూనె మరలకు వర్తించదు.

కొత్తపానా:
అందరికీ ధన్యవాదాలండి. ఇంకో రెండు. రాచెట్‌కి పైపు తొడిగి విప్పొచ్చా? బ్రేక్ క్యాలిపర్ బోల్టు ఒకటి ఇప్పటికే కాస్త గుండ్రమైంది, 14 జారుతోంది.

గ్రీజుచేతులు:
పైపు వద్దు. ఆ బలమంతా మోసేది లోపల చిటికెన వేలి గోరంత కొక్కెం. బార్‌తో బిగువు వదిలించి, ఆ తర్వాత రాచెట్ పెట్టండి. ఇంపాక్ట్ గన్‌కి కూడా ఈ మెరిసే సాకెట్లు వాడొద్దు, పగిలి ముక్కలు ఎగురుతాయి. దానికి నల్లటి క్రోమ్ మాలిబ్డినం సాకెట్లు వేరే.

బోల్టు సంగతికొస్తే, ముందు వైర్ బ్రష్‌తో తల మీది తుప్పు, మట్టి పూర్తిగా తియ్యండి. సాకెట్ అడుగుదాకా దిగకపోవడం వల్లే సగం సార్లు జారుతుంది. మర మొదట్లో తుప్పు వదిలించే నూనె వేసి పదిహేను నిమిషాలు ఆగండి, డిస్కు మీదా ప్యాడ్ల మీదా చుక్క పడకూడదు. 6 పాయింట్ల 14ని సుత్తితో మెల్లగా తట్టి దించి, ఎక్స్‌టెన్షన్ లేకుండా నేరుగా బార్ పెట్టి ఒక్క ఊపులో కాక నిదానంగా బలం పెంచండి. అప్పటికీ జారితే లోపల మెలి పళ్లున్న ఎక్స్‌ట్రాక్టర్ సాకెట్టే దారి. వచ్చిన బోల్టు తిరిగి పెట్టకండి.

నట్టుబోల్టు:
చిన్న సవరణ: కొలిచారా? అది యూరప్ కారైతే క్యాలిపర్ పిన్నుకు 7 మి.మీ. ఎలెన్ కీ పడేవి చాలా ఉన్నాయి, బయటి తల 13 కూడా కావచ్చు. 13 తల మీద 14 పెట్టినా ఇలాగే జారుతుంది. సుత్తి తీసేముందు వెర్నియర్‌తో ఎదురెదురు పలకల మధ్య దూరం చూడండి.