స్ట్రోక్ తర్వాత మెమరీ గేమ్‌లు: బుర్ర బాగుపడుతుందా, స్కోరే పెరుగుతుందా?

వేసవిగాలి:
మావారికి స్ట్రోక్ వచ్చి పద్నాలుగు నెలలైంది. మాట, నడక దాదాపు తిరిగొచ్చాయి. పాత సంగతులన్నీ గుర్తే. చిక్కంతా అప్పటికప్పుడు మనసులో పట్టి ఉంచుకోవాల్సిన వాటితోనే. ఓటీపీ వస్తే ఆరంకెలూ పైకి చదువుతారు, స్క్రీన్ మార్చేలోపు మూడే మిగులుతాయి. రెండు నెలలుగా రోజూ అరగంట ట్యాబ్‌లో అంకెల ఆట ఆడుతున్నారు. లెవెల్ 4 నుంచి 9కి వెళ్లారు. ఓటీపీ మాత్రం ఇప్పటికీ నేనే చెప్పాలి. ఆపేద్దామంటే ఆయనకి కోపం. ఏం చేయమంటారు?

పగటిదీపం:
ఆపించండి. 2010లో మెదడు శాస్త్రవేత్త ఏడ్రియన్ ఓవెన్ బృందం నేచర్ పత్రికలో వేసిన పరిశోధన చూడండి. 11,430 మంది ఆరు వారాలు ఇలాంటి ఆటలు ఆడారు. ఆడిన ఆటలో ఆరితేరారు, ఆడని పరీక్షల్లో చెప్పుకోదగ్గ లాభం లేదు. ఇలాంటి ఆటలు అమ్మే లుమోసిటీ కంపెనీ తన అతి ప్రకటనల పుణ్యమా అని 2016లో అమెరికా ప్రభుత్వ సంస్థకి 20 లక్షల డాలర్లు కట్టుకుంది.

మలుపు:
ఆ 11,430 మందికీ స్ట్రోక్ వచ్చిందా అండీ? మామూలు జనం వాళ్లు. కాలు విరిగినవాడికి ఫిజియో వద్దనడానికి ఆటగాళ్ల లెక్కలు చూపిస్తామా? 2007లో వెస్టర్‌బర్గ్, క్లింగ్‌బర్గ్ అనే పరిశోధకులు స్ట్రోక్ వచ్చి ఏడాది నుంచి మూడేళ్లయిన 18 మందిని తీసుకున్నారు. ఐదు వారాల కంప్యూటర్ మెమరీ సాధన తర్వాత, సాధన చేయని పరీక్షల్లోనూ మెరుగు కనిపించింది. రోజువారీ పొరపాట్లు తగ్గాయని సాధన చేసినవాళ్లే చెప్పారు.

పగటిదీపం:
"వాళ్లే చెప్పారు", అదే నా అభ్యంతరం. 18లో సగం మందే సాధన చేశారు, మిగతా సగానికి ఏ పనీ ఇవ్వలేదు. ఐదు వారాలు కష్టపడినవాడు బాగుందనే అంటాడు. పైగా ఆ ప్రోగ్రామ్ అమ్మిన కంపెనీ పెట్టినవాళ్లలో క్లింగ్‌బర్గ్ ఒకరు.

చేతిపని:
నేను ఆక్యుపేషనల్ థెరపిస్ట్‌ని, జబ్బు తర్వాత రోజువారీ పనులు మళ్లీ చేసుకునేలా సాధన చేయిస్తాను. మీరిద్దరూ పేపర్లు విసురుకుంటున్నారు, ఓటీపీ అక్కడే ఉంది.

అంకెల్ని మనం లోపల వల్లె వేసుకుంటూ పట్టి ఉంచుతాం. వల్లె ఆగితే కొద్ది సెకన్లలోనే చెదిరిపోతాయి. మెసేజ్ మూయడం, యాప్ తెరవడం, గడి వెతకడం, వీటికి ధ్యాస కావాలి. ధ్యాస అటు పోగానే వల్లె ఆగింది. మీవారికి అంకెలు పట్టకపోవడం కాదు, రెండూ ఒకేసారి నడవడం లేదు. ఆయన ఆటలో స్క్రీన్ మారదనుకుంటా. మారని చోట ఎంత సాధన చేసినా మారే చోటికి దానంతటది రాదు.

తలదెబ్బ తగిలినవాళ్ల కోసం అంతర్జాతీయ నిపుణులు రాసిన ఇన్‌కాగ్ మార్గదర్శకాలు కూడా నిత్యజీవితంతో సంబంధం లేని కంప్యూటర్ ధ్యాస అభ్యాసాల్ని సిఫారసు చేయవు. అయినా ఆట ఆపించమని నేను అనను. లెవెల్ 9కి ఎలా వెళ్లారో ఆయన్నే అడగండి. ఏదో కిటుకు పట్టి ఉంటారు. ఆ కిటుకుని ఓటీపీ దగ్గరికి తేవడమే అసలు పని.

సగంవాక్యం:
ఆరేళ్ల క్రితం నాకు బండి మీంచి పడి తలకి దెబ్బ తగిలింది. "నోట్‌బుక్‌లో రాసుకో, అలారం పెట్టుకో" అని అందరూ తేలిగ్గా చెప్పేస్తారు. ఇక బాగుపడవు, సర్దుకో అన్నట్టు వినిపించేది నాకు. ఏడాది పాటు నోట్‌బుక్ ముట్టలేదు. ఇప్పుడు ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే నేను అడగాలనుకున్నది ఒక్క మాటగా అరచేతిలో రాసుకుంటాను. లేదంటే నా వంతు వచ్చేసరికి వాక్యం సగంలో ఎగిరిపోతుంది. పేరు అందుకే ఇలా పెట్టుకున్నా. ఆ ట్యాబ్ లాక్కోకండి అక్కా, రోజులో ఆయన గెలిచే అరగంట అదొక్కటే అయ్యుండొచ్చు.

పగటిదీపం:
గెలుపు కోసమైతే ఆడనివ్వండి, కాదనను. వైద్యం అని పేరు పెట్టకండి, అంతే.

వేసవిగాలి:
అడిగాను. మూడేసి అంకెలు కలిపి రాగంలా అనుకుంటారట! రెండు నెలల్నుంచీ పక్కనే కూర్చుంటున్నా, నాకు తెలీదు. ఓటీపీకి ఎందుకు అలా చేయలేదంటే, "అది ఆట కదా" అన్నారు.

నిన్న మూడు మూడుగా పైకి అంటూ, ఆపకుండా స్క్రీన్ మార్చమన్నా. మొదటిసారి ఆరూ కొట్టేశారు. సాయంత్రం మళ్లీ చేస్తుంటే టీవీలో ఎవరో ఏదో నంబరు చదివారు, నాలుగో అంకె దగ్గర ఆగిపోయారు. చేతిపని గారూ, టీవీ ఆపేసి చేయించాలా, ఉంచేసా?