చోంగ్‌చింగ్ వెళ్తున్నాను, లాజిజీ తిన్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

గుంటూరు_గొంతు:
అందరికీ నమస్కారం. ఆఫీసు పని మీద వచ్చే నెల చైనాలో చెంగ్డూ వెళ్తున్నాను. శని, ఆదివారాలు ఖాళీ. అక్కణ్ణుంచి చోంగ్‌చింగ్‌కి హైస్పీడ్ రైల్లో గంటన్నర లోపేనట. ఎండుమిరపకాయల కుప్పలో కోడిముక్కలు దాచిపెట్టినట్టు ఉండే వంటకం ఒకటుందిగా, లాజిజీ, అది దాని సొంత ఊళ్ళోనే తినాలని కోరిక. ఫొటో చూసి మా ఆవిడ "ఇది కోడి వేపుడా, మిర్చి యార్డా?" అంది. నిజంగా అంత కారమా? ఎక్కడ తినాలి? ఒక్కడినే ఒక ప్లేటు లాగించగలనా? బీఫ్ తినను, ఆ సంగతి కూడా చెప్పండి.

స్టెత్_మెడలో:
అన్నా, చోంగ్‌చింగ్‌లోనే మెడిసిన్ చదివాను. మొదటి వారంలోనే సీనియర్లు లాజిజీకి తీసుకెళ్ళారు. "మనకేం భయం, పల్నాడు వాళ్ళం" అని నాలుగు మిరపకాయలు టపటపా నమిలేశాను. హోటల్ ఆవిడ పరిగెత్తుకొచ్చి వద్దు వద్దని చేతులూపింది. నేను తట్టుకోలేనని కాదు, అవి అసలు తినేవి కావు! బిర్యానీలో లవంగం, దాల్చినచెక్క పక్కకి నెట్టేస్తామే, అలాగన్నమాట. చాప్‌స్టిక్స్‌తో కుప్పని కెలుకుతూ ముక్క దొరికితే తినడం, మళ్ళీ వెతకడం. "మిరపకాయల్లో కోడిని వెతుక్కో" అని వాళ్ళే జోకులేసుకుంటారు.

దీనికి పేరు తెచ్చింది గలషాన్ అనే కొండ. షాపింగ్‌బా జిల్లాలో ఉంటుంది (పేరు విని మా అమ్మ షాపింగ్ మాల్ అనుకుంది). కొండ దారి పక్కన మన హైవే దాబాల్లాంటి హోటళ్ళలో మొదలై ఊరంతా పాకింది. ఇప్పటికీ కొండ మీద కొన్ని చోట్ల కోడిని తూకం వేసి చూపించి, అప్పుడు కోస్తారు. తూకం "జిన్"లలో చెప్తారు, జిన్ అంటే అర కిలో. ఒక్కడివే కాబట్టి మొత్తం కోడి చెప్పకు. ఊళ్ళోని హోటళ్ళలో "శ్యావ్ ఫెన్" అంటే చిన్న ప్లేటు ఇస్తారు. మెట్రో ఒకటో లైన్‌లో సిచీకౌ పాత ఊరు చూసుకుని, అక్కణ్ణుంచి టాక్సీలో కొండెక్కు. దారిలో జాజీదోంగ్ పాత జైలు కూడా ఉంది, 1949 నవంబర్‌లో ఖైదీలను చంపిన చోటు. అది చూశాక వెంటనే ఆకలి వెయ్యదు, ముందే చెప్తున్నా.

గుంటూరు_గొంతు:
థాంక్స్ తమ్ముడూ. మరి బీఫ్ సంగతి?

స్టెత్_మెడలో:
లాజిజీలో ఉండదు. వేపుడుకి ఎక్కువగా రేప్‌సీడ్ నూనె వాడతారు, మన ఆవనూనెకి దగ్గర చుట్టం. జాగ్రత్త పడాల్సింది హాట్‌పాట్ (బల్ల మీదే మరిగే పులుసులో ముక్కలు ముంచి ఉడికించుకు తినేది) దగ్గర. చోంగ్‌చింగ్ హాట్‌పాట్ మసాలా సాధారణంగా పశువుల కొవ్వుతోనే చేస్తారు. పైకి ఎర్రగా నూనెలా తేలుతుంది కాబట్టి తెలియదు. మా బ్యాచ్‌లో ఒకడు ఆర్నెల్లు తిన్నాక తెలుసుకున్నాడు. రెండూ అమ్మే హోటల్ అయితే ఫోన్‌లో అనువాదం యాప్ పెట్టి అడుగు.

మిర్చి_కమీషన్:
ఖమ్మంలో మిర్చి వ్యాపారం మాది. చైనా మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. మన దగ్గర ఎక్కువ ఘాటుండే తేజ రకం పెద్ద మొత్తంలో వెళ్ళేది ఆ దేశానికే. వాళ్ళు దాన్ని "ఇండియా మిరప" అంటారు. హాట్‌పాట్ మసాలాల్లోకి, రంగూ ఘాటూ తీసే ఫ్యాక్టరీలకి పోతుంది. లాజిజీ కుప్పలో మాత్రం వాళ్ళ కాయలే ఎక్కువ. వాటిలో కొన్ని చూడ్డానికి భయంకరంగా ఉంటాయి గానీ వాసన జాస్తి, మంట తక్కువ. గుంటూరు గారూ, మీరు కారానికి ఓడిపోరు. ఇంకో దానికి ఓడిపోతారు, దాని గురించి ఎవరైనా చెప్పండి.

స్టెత్_మెడలో:
హ్వాజ్యావ్ (సిచువాన్ పెప్పర్)! మర్చేపోయా. వాళ్ళు కారాన్ని "లా" అంటారు, నాలుక తిమ్మిరెక్కడాన్ని "మా" అంటారు. ఆ "మా" వచ్చేది ఈ గింజల వల్లే. చిన్నప్పుడు అక్కలకర్ర నాకించినప్పుడు నాలుక జివ్వుమనేది చూశారా, అచ్చం అదే, పదింతలు.

మొక్కలపిచ్చి:
గింజలు కావండీ, వాడేది కాయల పైతొక్క. లోపలి నల్ల గింజ రుచి లేక పారేస్తారు. అందులోని సాన్షూల్ అనే పదార్థం కారంలా మంట పెట్టదు, స్పర్శ నరాలను రెచ్చగొడుతుంది. 2013లో లండన్ పరిశోధకులు ఇది కొందరి పెదవులకి రాసి చూస్తే, సెకనుకి సుమారు 50 సార్లు వణుకుతున్నట్టు తోచిందట.

మనవాళ్ళకి తెలియని విషయం ఇంకోటి. దీని దగ్గరి చుట్టం మన కొండల్లోనే ఉంది, రచ్చమాను. రాక్స్‌బర్గ్ అనే వృక్షశాస్త్రవేత్త 1780లలో సామర్లకోటలో ఉండేవాడు. ఆయన ఈ చెట్టుకి తెలుగు పేరే తగిలించాడు, అందుకే శాస్త్రీయ నామం చివర "రెట్సా" అని ఉంటుంది. దాని నీడలో కొండవాళ్ళు కూర్చుని ఊరి సంగతులు తేల్చుకునేవారని, అందుకే రచ్చమాను అన్నారని రాశాడు. గోవా, కొంకణ్ వాళ్ళు దాని కాయలనే తెప్పల్ అని చేపల కూరలో వేస్తారు. మనం మాత్రం పేరిచ్చి ఊరుకున్నాం.

మూకుడు_మంట:
ఇంట్లో మూడుసార్లు చేశాను, రెండుసార్లు తగలేశాను. మొదటిసారి గుంటూరు కాయలు పావు కిలో నూనెలో వేశా. అపార్ట్‌మెంట్ మొత్తం దగ్గింది, వాచ్‌మన్ పైకొచ్చాడు. తర్వాత తెలిసిన కిటుకులు: కాయల్ని కత్తెరతో ముక్కలు చేసి గింజలు దులిపెయ్యాలి. ఓసారి నీళ్ళలో తడిపి తీస్తే మాడవు. మంట బాగా తగ్గించి, రంగు ముదిరే వరకే. నల్లబడితే చేదు, మాడిన తాలింపే. మనకి ఘాటు తక్కువుండే బ్యాడిగీ మేలు.

చికెన్ ఎముకతోనే, బొటనవేలి గోరంత ముక్కలు కొట్టించాలి. మా చికెన్ షాపు అతను "ఇది కోడికా, కీమాకా?" అని విసుక్కున్నాడు. ఉప్పు, సోయాసాస్, అల్లం పట్టించి ఒకసారి వేయించి తీసి, నూనె బాగా కాగాక రెండోసారి వెయ్యాలి. ఆ రెండో వేపుడులోనే కరకర వస్తుంది. బోన్‌లెస్‌తో చేస్తే పకోడీ అవుతుంది, దయచేసి చెయ్యకండి.

గ్వేయ్‌యాంగ్_రిటర్న్:
మీరందరూ చెప్పేది ఒక్క రకమే. పక్కనే గ్వేయ్‌జో రాష్ట్రంలోనూ లాజిజీ అనే పేరుతోనే ఇంకోటి ఉంది, నా ఓటు దానికి. ఎండుమిరపకాయలు నానబెట్టి, అల్లం వెల్లుల్లి వేసి రోట్లో దంచి ముద్ద చేస్తారు. ఆ ముద్దని నూనెలో వేయించి కోడి ఉడికిస్తారు. అక్కడ మిరపకాయ తినేదే, ఏరి పారేసేది కాదు. మొదటి ముద్దకే మా నాయనమ్మ నాటుకోడి గుర్తొచ్చింది. చోంగ్‌చింగ్‌ది చూడ్డానికి బాగుంటుంది, అన్నంలో కలపడానికి ఏముంది అందులో?

స్టెత్_మెడలో:
అన్నంలో కలపడానికి కాదు బ్రదర్, బీరు పక్కన పెట్టుకోవడానికి. రెండూ వేర్వేరు.

సలామ్_సికింద్రాబాద్:
హలాల్ కావాలంటే షింజ్యాంగ్ (చైనాలో ముస్లింలు ఎక్కువుండే ప్రాంతం) వాళ్ళ హోటల్‌లో దాపాన్‌జీ అడగండి. పెద్ద పళ్ళెంలో కోడి, బంగాళాదుంప, క్యాప్సికమ్, కింద బెల్టంత వెడల్పు నూడుల్స్. ఎండుమిర్చి, హ్వాజ్యావ్ అందులోనూ పడతాయి, కానీ పులుసు ఉంటుంది. పళ్ళెం పేరుకి తగ్గట్టే పెద్దది, ఒక్కరు వెళ్తే దండగ.

గుంటూరు_గొంతు:
తిరిగొచ్చాను. నిన్న రాత్రే దిగాను, రిపోర్ట్ ఇదిగో. శనివారం మధ్యాహ్నం గలషాన్ మీద తిన్నాను. చిన్న ప్లేటు అడిగినా ఇద్దరికి సరిపడా వచ్చింది. కారం మా ఇంట్లో ఆదివారం కూర కంటే తక్కువే. కానీ ఐదు నిమిషాల్లో కింది పెదవి నాది కాదనిపించింది. మంచినీళ్ళు తాగితే ఉప్పగా అనిపించాయి, కాసేపు టెన్షన్ పడ్డాను. తెల్లన్నం, వేడి సోయా పాలు తెప్పించుకున్నాక కుదురుకుంది. ముక్క పైన కరకర, లోపల ఎముక పక్కన మెత్తన. ముప్పావు గంట వెతికి వెతికి తిన్నాను. ఇంత నెమ్మదిగా కోడి తినడం నా జన్మలో ఇదే మొదటిసారి.

పక్క బల్ల వాళ్ళు మిగిలిన మిరపకాయలు ప్యాక్ చేయించుకుంటుంటే నేనూ చేయించుకున్నా. హోటల్ గదికి తెచ్చాక గానీ వాటితో ఏం చెయ్యాలో అడగలేదని గుర్తు రాలేదు.

స్టెత్_మెడలో:
హాస్టల్‌లో మేం రెండో రోజు వాటితోనే బంగాళాదుంప వేపుడు చేసుకునేవాళ్ళం అన్నా. పారేశావా?

గుంటూరు_గొంతు:
పారేశాను. మా ఆవిడ ఇప్పుడు అదే అడిగి తిడుతోంది.