పార్లర్‌లో ఇచ్చిన క్రీమ్ ఒక్క రాత్రి మానేస్తే చెల్లి ముఖం మండిపోతోంది, ఆపాలా వద్దా?

గోదారమ్మాయి (కాకినాడ):
మా చెల్లికి మాఘమాసంలో పెళ్ళి. నిశ్చితార్థం రోజు పెళ్ళికొడుకు వాళ్ళ పెద్దమ్మ నవ్వుతూనే "ఫోటోలో కంటే పిల్ల రంగు తక్కువే" అనేసి వెళ్ళింది, అప్పట్నుంచి మా ఇంట్లో ఇంకో మాట లేదు. వీధి చివర పార్లర్‌లో రెండు ఇచ్చారు. ఒకటి ట్యూబు, దాని మీద హైడ్రోక్వినోన్, ట్రెటినోయిన్, మొమెటాసోన్ అని ఉంది. రెండోది చిన్న ప్లాస్టిక్ డబ్బా, దాని మీద కంపెనీ పేరు లేదు, ఏమీ లేదు, "బయటి దేశం సరుకు" అన్నారట. మొదట్లో ముఖం నిజంగానే మెరిసింది, చూసినవాళ్ళంతా ఏం వాడుతున్నావే అని అడిగారు. ఇప్పుడు ఒక్క రాత్రి రాయకపోతే ఎర్రగా కందిపోతోంది, పొయ్యి దగ్గర నిలబడలేకపోతోంది, బుగ్గల మీద సన్నటి నూగు వస్తోంది. పార్లర్ ఆవిడేమో లోపలి మలినం బయటికొస్తోంది, గ్లూటాథయోన్ ఇంజెక్షన్లు కూడా తీసుకుంటే త్వరగా సెట్ అవుతుంది అంటోంది. అమ్మ పెళ్ళయ్యేదాకా ఆపొద్దంటోంది. నాకు టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

మందుల బాబాయ్ (గుంటూరు):
అమ్మా, నాకు మెడికల్ షాపు ఉంది కాబట్టి ట్యూబు సంగతి చెబుతాను. ఆ మూడూ కలిసినది మంగు మచ్చలకి స్కిన్ డాక్టర్లు కొన్ని వారాల పాటు మచ్చల మీద మాత్రమే రాసుకోమని ఇచ్చే మందు, ముఖమంతా పులుముకునే ఫెయిర్‌నెస్ క్రీమ్ కాదు. అందులో మొమెటాసోన్ స్టెరాయిడ్. అది చర్మంలో రక్తనాళాలను బిగిస్తుంది, అందుకే మొదట్లో తెల్లగా, నున్నగా కనిపిస్తుంది. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడిపోతుంది. మానగానే ఆ నాళాలు ఒక్కసారిగా తెరుచుకుంటాయి, మీరు చెప్పిన ఎరుపు, మంట అవే. నూగు కూడా స్టెరాయిడ్ పనే. మలినం లేదు, మన్నూ లేదు. హైడ్రోక్వినోన్ ఏళ్ళ తరబడి వాడినవాళ్ళకి కొందరికి నీలం కలిసిన నల్లమచ్చలు పడతాయి, అవి పోవడం చాలా కష్టం.

2018 మార్చిలో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది, అంటే డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు. అమ్మడం ఆగిందా అంటే నన్ను అడక్కండి, రోజూ ఎవరో ఒకరు వచ్చి "తెల్లబడే ట్యూబు ఇవ్వండి" అంటూనే ఉంటారు, ఇవ్వనంటే పక్క షాపుకి పోతారు.

ట్యూబు మీరే ఒక్కసారిగా ఆపకండి, అలాగని పెళ్ళిదాకా లాగనూ వద్దు. డాక్టర్ దాన్ని మెల్లగా తగ్గిస్తారో, వేరేదానికి మారుస్తారో చూసి చెబుతారు. ఈ వారమే తీసుకెళ్ళండి.

సత్తిబాబు99:
ఊరికే భయపెడుతున్నారు. 1975 నుంచి దేశమంతా ఫెయిర్‌నెస్ క్రీములు రాస్తూనే ఉంది, మా అక్కలు కూడా రాశారు, ఎవరికీ ఏమీ కాలేదు. పిల్ల కొంచెం కలర్ రావాలనుకుంటే తప్పేంటి?

వార్డు నర్సు:
సత్తిబాబు గారూ, కిరాణాలో దొరికే ఆ క్రీమ్ వేరు, ఇది వేరు. ఫెయిర్ అండ్ లవ్లీ కంపెనీ కూడా 2020లో క్రీమ్ పేరులోంచి "ఫెయిర్" తీసేసుకుంది, అది వదిలేయండి. నాకు భయంగా ఉన్నది ట్యూబు కంటే ఆ పేరులేని డబ్బా గురించి.

అలాంటి డబ్బాల్లో పాదరసం కలుపుతారు. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ తయారీని అది అడ్డుకుంటుంది కాబట్టి త్వరగా తెల్లబడతారు, కానీ అది ఒంట్లోకి ఇంకి కిడ్నీల దాకా వెళ్తుంది. కేరళలో మలప్పురం జిల్లా కొట్టక్కల్‌లో డాక్టర్లు 2021 జులై నుంచి 2023 సెప్టెంబరు దాకా మెంబ్రేనస్ నెఫ్రోపతీ అనే కిడ్నీ జబ్బు వచ్చిన 22 మందిని పరీక్షిస్తే, 15 మందిలో అరుదుగా కనిపించే ఒక రకం బయటపడింది. ఆ 15 మందిలో 13 మంది తెల్లబడే క్రీములు వాడినవాళ్ళే. కిడ్నీ జల్లెడ దెబ్బతిని ప్రోటీను మూత్రంలో పోతుంది. పాదాలు, కళ్ళ కింద వాపు, మూత్రంలో ఆగకుండా నురగ, ఇవి కనిపిస్తే ఆలస్యం చేయకుండా డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. క్రీమ్ ఆపేస్తే చాలామంది కోలుకుంటారు, అదొక్కటే మంచి మాట.

ఒక గుర్తు చెబుతాను. బంగారం తగలనివ్వొద్దు, నగలు తీసి రాసుకోండి అని ఎవరైనా చెప్పారంటే అనుమానించండి, పాదరసం బంగారాన్ని పట్టేస్తుంది. చెల్లి తువ్వాలు, దిండు గలీబు ఇంట్లో పిల్లలు వాడకూడదు, వాళ్ళకీ అంటుతుంది.

కాబట్టి ట్యూబు డాక్టర్ చెప్పినట్టు తగ్గించండి, డబ్బా మాత్రం ఈ రాత్రి నుంచే బంద్. పారేయకండి, కవర్లో గట్టిగా మూసి డాక్టర్‌కి చూపించండి. యూరిన్ ప్రోటీన్, రక్తంలో మెర్క్యురీ (అంటే పాదరసమే) పరీక్షలు రాయమని మీరే అడగండి. ఇంజెక్షన్ల జోలికి వెళ్ళొద్దు, తెల్లబడటానికి వాటికి మన దేశంలో అనుమతి లేదు. కిడ్నీలు, కాలేయం దెబ్బతినొచ్చని ఫిలిప్పీన్స్ ఔషధ నియంత్రణ సంస్థ 2011లోనే హెచ్చరించింది.

చామనఛాయ_అత్త (వరంగల్):
వైద్యం సంగతి పైవాళ్ళు చెప్పారు, నేను పెద్దమ్మ గారి సంగతి మాట్లాడతా. "నలుపు నారాయణ మెచ్చు" అని సామెత చెప్పే నోటితోనే పెళ్ళిచూపుల్లో పిల్లను ఎండలోకి పిలిచి చూసే జనం మనం. కృష్ణుడికి దండం పెడతాం, కృష్ణుడి రంగు కోడలు మాత్రం వద్దు. కడుపుతో ఉన్నదానికి కుంకుమపువ్వు పాలు తాగించడంతో మొదలవుతుంది ఈ పిచ్చి, దాంతో బిడ్డ రంగు వెంట్రుకంత కూడా మారదు.

తెల్లటివాళ్ళకీ మనకీ రంగు కణాల సంఖ్య దాదాపు ఒకటే, మన కణాలు ముదురు మెలనిన్ ఎక్కువ చేస్తాయి, అంతే తేడా. రాజమండ్రి ఎండలో, రామగుండం ఎండలో మన చర్మం త్వరగా కమిలిపోకుండా కాపాడేది అదే. దాన్ని డబ్బులిచ్చి గీకించుకుంటున్నాం. సాయిపల్లవి ఫెయిర్‌నెస్ క్రీమ్ యాడ్ వద్దని వదులుకున్నప్పుడు అందరం చప్పట్లు కొట్టాం కదా, ఇంట్లో పిల్ల దగ్గరికొచ్చేసరికి ఏమైంది?

నా మాట విని, మీ అమ్మను మధ్యలో పెట్టకుండా చెల్లినే పెళ్ళికొడుకుతో మాట్లాడమను. క్రీములు ఆపేస్తున్నా, ముఖం కొన్నాళ్ళు ఎర్రగా ఉంటుంది, ఆ తర్వాత నా రంగు నాకు వస్తుంది, పెళ్ళి ఫోటోల్లో అలాగే ఉంటా అని సూటిగా చెప్పమను. అతను ఏమంటాడో పెళ్ళికి ముందే తెలియడం మంచిది. మేకప్ చేసే అమ్మాయికి కూడా ముందే చెప్పండి, ఫౌండేషన్ మెడ రంగుకి సరిపోయేది వేయమని, లేకపోతే ముఖం ఒక రంగు, చేతులు ఒక రంగు అయి ఆల్బమ్ అంతా నవ్వులపాలు.

గోదారమ్మాయి (కాకినాడ):
అందరికీ థాంక్స్. స్కిన్ డాక్టర్‌కి చూపించాం. ట్యూబు రోజు మార్చి రోజు రాయమని, తర్వాత ఇంకా తగ్గిస్తానని చెప్పారు, డబ్బా చూడగానే ఆపేయమన్నారు. యూరిన్‌లో ప్రోటీన్ లేదట, మెర్క్యురీ రిపోర్ట్ ఇంకా రావాలి. అమ్మ డాక్టర్ ముందు మౌనంగా ఉండి ఆటోలో మాత్రం "నేనేమైనా విషం పెట్టానా" అని ఏడ్చింది. అత్తా, చెల్లి అతనితో మాట్లాడింది. "మా పెద్దమ్మ మాటకి నువ్వు ఇంత చేశావా" అని అతనే తిట్టాడట. ఒక్క డౌట్, సన్‌స్క్రీన్ రాస్తే కూడా మండుతోంది, ఏం చేయాలి?

వార్డు నర్సు:
వాసన లేనిది, జింక్ ఆక్సైడ్ ఉన్నది అడిగి చూడండి, సాధారణంగా అది మంట తక్కువ పెడుతుంది. అదీ పడకపోతే కొన్నాళ్ళు గొడుగు, చున్నీ చాలు. మెర్క్యురీ రిపోర్ట్ రాగానే ఇక్కడ చెప్పండి.