సెంచా (జపాన్ గ్రీన్ టీ)లో చేదు తగ్గిస్తే రుచీ పోతోంది, ఏం మార్చాలి?

ఊలాంగ్, బ్లాక్ టీ ఇష్టంగానే తాగుతాను. సెంచాతోనే పేచీ. 200 మి.లీ. నీళ్లకు 2 గ్రాముల ఆకు, 80 డిగ్రీలు, 2 నిమిషాలు: నాలుక పట్టేసేంత వగరు, చేదు. 70 డిగ్రీలకు దించి ఒక్క నిమిషమే ఉంచితే చేదు తగ్గింది గానీ, పచ్చగడ్డి వాసనేసే వేణ్నీళ్లలా ఉంది. నీళ్లు ఫిల్టర్‌వే, ప్యాకెట్ కొత్తదే, వేడి థర్మామీటర్‌తో చూసే పోస్తున్నాను. వడకట్టినా కప్పు అడుగున సన్నటి పొడి మిగులుతోంది, అదో అనుమానం.

ఇదే ఆకును చన్నీళ్లలో వేసి ఫ్రిజ్‌లో 6 గంటలు ఉంచితే కమ్మగా వస్తోంది. చన్నీళ్లలోకి కెఫీన్, వగరు-చేదు తెచ్చే కాటెకిన్లు తక్కువ దిగుతాయి కదా. కానీ నాకు కావాల్సింది వేడి టీ.

70 డిగ్రీల దగ్గరే ఉండి ఆకు 4 గ్రాములకు పెంచాలా, లేక ఆవిరిపట్టే సెంచా మానేసి మూకుడులో వేయించే చైనా గ్రీన్ టీ లుంగ్‌జింగ్‌కు మారాలా?