అప్‌డేట్: 1971 నాటి విక్రాంత్ డెక్ సంగతి తేలింది

హన్మకొండ నుంచి అడిగింది నేనే. 1:350 స్కేల్‌లో, అంటే దాదాపు 61 సెంటీమీటర్ల పొడవుతో, 1971 యుద్ధం నాటి విమాన వాహక నౌక ఐఎన్‌ఎస్ విక్రాంత్ మోడల్ చేస్తున్నాను. కొన్ని ఫొటోల్లో డెక్ (విమానాలు లేచే, దిగే పైతలం) ముందు భాగం చదునుగా, కొన్నింట్లో పైకి లేచి ఉంది, ఏది సరైనదని అడిగాను. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

చదునుగా ఉన్నదే సరైనది. కాజీపేటలో ఉండే నేవీ రిటైర్డ్ పెద్దాయన ఒకరు ఫొటోలు చూసి, “ముందు విమానాన్ని చూడు బాబూ” అన్నారు. సీ హారియర్ అనే జెట్ ఉంటే అది 1980లలోనో ఆ తర్వాతో తీసిన ఫొటో. ముందు పైకి లేచి కనిపించే ఆ ర్యాంప్ వాటి కోసమే పెట్టారు. 1971లో దాని మీదున్న సీ హాక్, అలిజే విమానాలు స్టీమ్ క్యాటపల్ట్ (ఆవిరి బలంతో విమానాన్ని ముందుకు విసిరే యంత్రం) మీద నుంచే లేచేవి. అంటే డెక్ ముందు భాగంలో ఆ యంత్రం గాడి కనిపించాలి. ఎంత తేలికైన గుర్తు!

అతికించేసిన బాల్సా చెక్క ర్యాంప్‌ను బ్లేడుతో నెమ్మదిగా లేపి, ఉప్పు కాగితంతో రుద్ది, సూదితో గాడి గీశాను. మనసు కుదుటపడింది.

ఇదే నౌక బ్రిటన్‌లో హెచ్‌ఎంఎస్ హెర్క్యులిస్‌గా ఉన్నప్పటి డ్రాయింగ్ మాత్రం డెక్‌కు పనికిరాలేదు. విమానాలు దిగడానికి పక్కకు ఏటవాలుగా తిప్పిన డెక్ (యాంగిల్డ్ డెక్) తర్వాత వచ్చిందే.