డీజిల్‌లో టూ-స్ట్రోక్ ఆయిల్ కలపవచ్చా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. నా దగ్గర రోటరీ పంపు (ఇంజిన్‌కు డీజిల్ అందించే పాత రకం పంపు) ఉన్న పాత డీజిల్ బండి ఒకటి, డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) ఉన్న కామన్ రైల్ (డీజిల్‌ను చాలా ఎక్కువ ఒత్తిడితో చిమ్మే కొత్త రకం) బండి ఒకటి ఉన్నాయి. గంధకం తీసేసిన ఇప్పటి డీజిల్‌లో జిడ్డు తగ్గిందనీ, 200 లీటర్లకు ఒక లీటరు చొప్పున టూ-స్ట్రోక్ ఆయిల్ (పాత స్కూటర్లలో పెట్రోల్‌తో కలిపే నూనె) కలిపితే పంపు ఎక్కువ కాలం మన్నుతుందనీ మెకానిక్ చెప్పడంతో, పాత బండిలో 60 లీటర్ల ట్యాంకుకు 300 మిల్లీలీటర్ల లెక్కన మూడుసార్లు పోశాను. ఐడ్లింగ్‌లో టకటక శబ్దం తగ్గినట్టే ఉంది. కొత్త బండిలోనూ పోయవచ్చా?

జవాబు 1:
మెకానిక్ మాటలో మొదటి సగం నిజమే. గంధకం స్వయంగా కందెన కాదు గానీ, దాన్ని తొలగించే హైడ్రోజన్ ప్రక్రియలో లోహాన్ని అంటిపెట్టుకుని అరుగుదలను ఆపే ఇతర పదార్థాలు కూడా పోతాయి. ఆ లోటును పూడ్చడానికే డీజిల్ అమ్మకానికి వచ్చేలోపు కందెన గుణాన్ని పెంచే సంకలితాలు కలుపుతారు. డీజిల్ నాణ్యతకు యూరప్‌లో పాటించే ఈఎన్ 590 ప్రమాణం ప్రకారం, 60 డిగ్రీల డీజిల్‌లో మునిగిన పలకపై చిన్న ఉక్కు గుండును 75 నిమిషాలు రుద్దితే, గుండుపై పడే అరుగుదల మచ్చ 460 మైక్రాన్లు దాటకూడదు. ఆ ప్రమాణానికి నిలిచిన డీజిల్ పోస్తున్నంత కాలం మీ పాత పంపుకు కూడా వేరే నూనె అక్కర్లేదు.

జవాబు 2:
కొత్త బండిలో మాత్రం వద్దండీ. డీపీఎఫ్‌లో చేరిన మసి రీజనరేషన్‌లో (ఫిల్టర్‌ను వేడెక్కించి శుభ్రం చేసేటప్పుడు) కాలిపోతుంది, బూడిద కాలదు. నూనెలోని లోహ సంకలితాలు మిగిల్చేది ఆ బూడిదే. సీసా మీద జాసో ఎఫ్‌డీ (టూ-స్ట్రోక్ ఆయిల్ నాణ్యతకు జపాన్ వారిచ్చే గ్రేడు) అని ఉన్నా, బూడిద బొత్తిగా ఉండదని దాని అర్థం కాదు. పడవ మోటార్లకు వాడే టీసీ-డబ్ల్యూ3 రకంలో ఆ లోహాలు ఉండవు గానీ, దాన్ని కూడా రెండు వేల బార్ల దాకా ఒత్తిడితో పనిచేసే ఇంజెక్టర్ల కోసం తయారు చేయలేదు. (వాడేసిన ఇంజిన్ ఆయిల్‌ను గుడ్డతో వడకట్టి పోసేవారినీ చూశాను. వారికో దండం.)

ప్రశ్న అడిగినవారు:
కొత్త బండి సంగతి అర్థమైంది. మరి పాత బండిలో శబ్దం తగ్గిన మాటేమిటి?

జవాబు 1:
ఆ టకటక చాలావరకు, డీజిల్ చిమ్మిన తర్వాత అంటుకోవడానికి పట్టే జాప్యం వల్ల వస్తుంది. ఆ జాప్యాన్ని తగ్గించేది ఎక్కువ సీటేన్ సంఖ్య, అంటే డీజిల్ ఎంత త్వరగా అంటుకుంటుందో చెప్పే కొలత. టూ-స్ట్రోక్ ఆయిల్ ఆ సంఖ్యను పెంచుతుందని నేను నమ్మను. శబ్దం నిజంగా తగ్గిందో, మీకు అలా అనిపిస్తోందో తేలాలంటే, ట్యాంకు నింపిన ఏ సారి నూనె కలిపారో మీకు తెలియకుండా ఇంట్లో ఎవరితోనైనా పోయించి, రోజూ పొద్దున్నే చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసినప్పుడు విని రాసుకోండి. ఈలోగా డీజిల్ ఫిల్టర్ అడుగున చేరిన నీళ్లు వదిలేయండి, పంపుకు తుప్పు పట్టించేది అవే.