పాట ఆడితే సెషన్ గిటారిస్టుకి వాటా ఉండాలా, వాయించిన రోజు డబ్బుతో లెక్క సరా?

ఆరోతీగ

సూటిగా అడుగుతున్నా, సూటిగా చెప్పండి. నేను సెషన్ గిటారిస్టుని, అంటే పిలిచినప్పుడు డబ్బు తీసుకుని రికార్డింగుకి వాయించేవాణ్ని. పోయినేడాది ఒక సినిమా పాటకి గిటార్ వాయించాను. సంగీత దర్శకుడు పంపింది నాలుగు కార్డులూ (కలిపి మోగించే స్వరాలు) ఒక డ్రమ్ లూపూ (తిరిగి తిరిగి మోగే డ్రమ్ ముక్క). నోటేషన్ లేదు, ట్యూన్ కూడా పల్లవి వరకే. "మొదట్లో ఏదైనా పట్టుకునేలా పడెయ్ బ్రో" అన్నాడు. ఇంట్లోనే కూర్చుని రకరకాలుగా వాయించి ఫైళ్లు పంపితే ఒకటి ఏరుకున్నాడు. ఇవాళ రీల్స్‌లో జనం వాడుకుంటున్న ముక్కలో గాయకుడి గొంతే లేదు, ఉన్నదంతా ఆ గిటార్ బిట్టే.

నాకు ముట్టింది ఒక్కసారి యూపీఐలో పడిన డబ్బు. సినిమా ఐదు భాషల్లో వచ్చింది. భాషకో గాయకుడు, ఎవరి పేమెంట్ వాళ్లకి. గిటార్ ఫైలు ఒకటే కాబట్టి నాకు ఒక్కసారే. లిరికల్ వీడియో కింద పోస్టర్ డిజైనర్ పేరు కూడా ఉంది, నాది లేదు.

నేననేది ఇంతే. రాసిచ్చింది చూసి వాయిస్తే కాల్షీటు (రికార్డింగు గంటల) డబ్బుతో సరి. బిట్టు నేనే పుట్టిస్తే అందులో నాకు వాటా ఉండాలి. కాదంటారా?

ఫేడర్‌బాబు

అన్నా, నీ బాధ సమజైంది గానీ లెక్క కూడా చూడు. ఇప్పుడు సినిమాలు చానా వరకు ప్యాకేజీ మీదనే నడుస్తున్నయ్. నిర్మాత మ్యూజిక్ డైరెక్టర్‌కి ఒక మొత్తం ఇస్తడు. సింగర్లు, వాద్యాలు, స్టూడియో, మిక్సింగ్, మాస్టరింగ్ అన్నీ అందుల నుంచే. ఆడియో హక్కులు లేబుల్‌కి, అంటే ఆడియో కంపెనీకి, అమ్ముకునేది నిర్మాత. నువ్వు వాటా ఎవర్ని అడుగుతవ్? మ్యూజిక్ డైరెక్టర్ చేతుల హక్కులు లేవు, లేబుల్‌కి నువ్వెవరో తెల్వది.

ఇంకో మాట. నువ్వు వాయించిన పాటల్ల ఆడినవెన్ని? ఆడనివాటికి గూడ పైసలు తీసుకున్నవ్ గదా. విడుదలే కాని సినిమాలకి నేను మిక్స్ చేసిన, డబ్బులు తీసుకున్న, ఎవ్వరూ వాపస్ అడగలే. నష్టంల పాలు వద్దు, లాభంల మాత్రం కావాల్నంటే ఎట్ల?

వడపళని పాతకాపు

ఆరోతీగ గారూ, నేను మీ పక్షమే. కానీ మీరు గీసిన గీత నాకు నచ్చలేదు. రాసిచ్చింది వాయించినవాడు కూలీ, సొంతంగా వాయించినవాడు కళాకారుడూనా?

నాది వయొలిన్ సెక్షన్, చెన్నైలో స్టూడియోలుండే కోడంబాక్కంలోనే తల పండింది. ఇళయరాజా గారి రికార్డింగంటే ఉదయం ఏడింటికల్లా స్టాండు ముందు ఉండాలి, ఒంటిగంటకి కాల్షీటు ముగిసేది. ఆయన రాసిన స్కోరులోంచి ఎవరి భాగం వాళ్లం ఎక్కించుకుని, రిహార్సల్ చూసుకుని, అందరం కలిసి టేకు. ఒక్కడు తప్పితే మళ్లీ మొదటికి. 1982లో వచ్చిన ఆయన తమిళ పాట 'ఇళయ నిలా'కి గిటార్ వాయించింది ఆర్. చంద్రశేఖర్. మరుసటి ఏడే ఆ బాణీ హిందీలోకి 'నీలే నీలే అంబర్ పర్'గా వెళ్లింది. ఇప్పటికీ కొత్తగా గిటార్ కొన్న కుర్రాడు వేళ్లు తిరగ్గానే గెలికేది దాన్నే. స్వరాలు రాజాగారివే, అందులో వాదం లేదు. అదే కాగితం ఇంకొకరి ముందు పెడితే ఆ పలుకు పలికేదా? ఆయనా సంగీత దర్శకుడు కాకముందు సలీల్ చౌదరి అనే సంగీత దర్శకుడి దగ్గర గిటార్ వాయించినవారే, కాబట్టి కాగితానికీ వేలికీ ఉన్న దూరం ఆయనకి తెలియంది కాదు.

సంగీత దర్శకుడు ఎం.బి. శ్రీనివాసన్ పుణ్యమా అని మాకు యూనియన్ వచ్చింది. రేటు కోసం, గంటల కోసం కొట్లాడాం. పేరు కోసం గట్టిగా నిలబడలేదు. రెహమాన్ తన ఆల్బమ్ కవర్ల మీద వాద్యకారుల పేర్లు అచ్చు వేయించడం చూశాకే, అలా కూడా చేయొచ్చని మాలో చాలామందికి తట్టింది. అప్పటికి సగం మంది రిటైరు.

లాపాయింటు

పేరు సంగతి ఎత్తారు కాబట్టి చెప్తాను. మీరంతా దాన్ని మర్యాదకి సంబంధించిన విషయం అనుకుంటున్నారు. చట్టంలో అది డబ్బుతో ముడిపడి ఉంది.

1957 కాపీరైట్ చట్టంలోకి 1994 సవరణతో ప్రదర్శకుల హక్కులు వచ్చాయి, వాద్యకారుడూ ప్రదర్శకుడే. 2012 సవరణతో 38ఏ సెక్షన్ చేరింది. సినిమాలో తన ప్రదర్శన వాడుకోవడానికి రాతపూర్వకంగా ఒప్పుకున్నాక నిర్మాతని అడ్డుకోలేడు, కానీ వ్యాపారానికి వాడినప్పుడు రాయల్టీకి హక్కుంటుంది. చదవడానికి బాగుంది కదా? ఇప్పుడు అదే 2012లో ప్రదర్శకుడి నిర్వచనానికి, అంటే 2(క్యూక్యూ)కి, తగిలించిన మినహాయింపు చూడండి. సినిమాలో ఎవరి ప్రదర్శన యాదృచ్ఛికమో, ప్రాసంగికమో (అంటే అసలు విషయానికి పక్కన ఉండేదో) అయి, పరిశ్రమ ఆనవాయితీ ప్రకారం టైటిల్స్‌తో సహా ఎక్కడా పేరు వేయరో, ఆ వ్యక్తిని ప్రదర్శకుడిగా లెక్కించరు. ప్రదర్శనని వక్రీకరిస్తే అభ్యంతరం చెప్పే హక్కు ఒక్కటే మిగులుతుంది.

అవతలి వకీలు దీన్నే పట్టుకుంటాడు. గిటారిస్టుల పేర్లు వేసే అలవాటే లేదు, కనుక ఈయన ప్రదర్శకుడే కాడంటాడు. పోనీ పేరు వేయించుకుందామా అంటే, 38బి కింద అలా అడిగే హక్కు ప్రదర్శకుడికే ఉంది! పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కుదరదు, పెళ్లి కుదిరితే గానీ పిచ్చి కుదరదు. పాటకి ఎత్తుగడే గిటార్ అయినప్పుడు అది ప్రాసంగికం ఎలా అవుతుందని నేనైతే వాదిస్తాను. గెలుస్తానా అన్నది వేరే మాట.

ఆరోతీగ గారికి ఇంకో దారి ఉంది. స్వరకర్త నిర్వచనం 2(ఎఫ్ఎఫ్ఏ)లో ఉంది. సంగీతం కూర్చినవాడే స్వరకర్త, స్వరలిపిలో రాశాడా లేదా అన్నదానితో పని లేదు. ఆ బిట్టు మీదేనని చూపించగలిగితే ఉమ్మడి కర్తగా అడగవచ్చు. బ్రిటన్‌లో క్లేర్ టోరీ అనే గాయని అడిగింది ఇదే. పింక్ ఫ్లాయిడ్ బ్యాండు 1973 ఆల్బమ్‌లో మాటల్లేకుండా చేసిన ఆలాపనకి ఆమెకి ఆ రోజు ఇచ్చింది 30 పౌండ్లు. 2004లో దావా వేసింది, 2005లో కోర్టు బయట రాజీ కుదిరింది, ఆ తర్వాతి ప్రతుల మీద ఆమె పేరు స్వరకర్తగా పడింది. పరాయి దేశపు రాజీ కాబట్టి ఇక్కడి కోర్టులో చూపించడానికి పనికిరాదు. వాదన మాత్రం అచ్చం ఇదే.

ఫేడర్‌బాబు

మేడం, ముప్పై ఏండ్లు ఆగి కేసేసింది ఆమె. ఈయన ఇయ్యాల నోటీసు పంపితే రేపటి నుంచి ఫోన్ మోగుతదా? అది చెప్పుండ్రి.

డాలస్_స్ట్రమ్మర్

"అమెరికాలో అయితేనా" అని మొదలుపెట్టబోతున్న వాళ్లకి ముందే ఒక మాట. ఇక్కడ ఇంటర్నెట్ రేడియో లాంటి సర్వీసుల రాయల్టీని చట్టమే పంచుతుంది. రికార్డింగ్ యజమానికి 50 శాతం, ముఖ్య కళాకారుడికి 45, మిగిలిన 5లో సగం సెషన్ వాద్యకారులకి, సగం కోరస్ గాయకులకి. తక్కువే, కానీ చట్టంలో రాసి ఉంది. అయితే మనం పాట ఎంచుకుని వినే స్ట్రీమింగ్‌కి ఇది వర్తించదు. యూనియన్ ఒప్పందం కింద రికార్డయిన హాలీవుడ్ సినిమా తర్వాత టీవీకో వీడియోకో వెళ్తే, ఆ ఆదాయంలోంచి ఒక నిధి ద్వారా వాయించినవాళ్లకి మళ్లీ చెక్కులు వస్తాయి.

దాని ఫలితం కూడా వినండి. ఆ తర్వాతి చెల్లింపుల బాధ లేకుండా ఒక్క విడతలో తెగ్గొట్టుకోవడానికి చాలా స్కోర్లు (సినిమా నేపథ్య సంగీతం రికార్డింగులు) లండన్, ప్రాగ్, బుడాపెస్ట్ వెళ్లిపోయాయి. మన సంగీత దర్శకులు కూడా స్ట్రింగ్స్ (వయొలిన్ లాంటి తీగ వాద్యాల బృందం) కోసం బుడాపెస్ట్, మాసిడోనియా వెళ్తున్నారు కదా, ఖర్చు కలిసిరావడం కూడా అందులో ఒక కారణమే.

1960ల్లో లాస్ ఏంజిలెస్‌లో రెకింగ్ క్రూ అనే సెషన్ వాద్యకారుల గుంపు ఉండేది. టామీ టెడెస్కో గిటార్ అందులోదే. దేశమంతా వాళ్ల చేతులు విన్నది, కవర్ మీద పేర్లు చూసినవాడు తక్కువ. గ్లెన్ కాంప్‌బెల్ లాంటి కొద్దిమందే గాయకులై బయటపడి స్టార్లు అయ్యారు. మిగతావాళ్లకి యూనియన్ రేటు బాగానే గిట్టింది, పని ఉన్నన్నాళ్లు. బ్యాండ్లు తమ వాద్యాలు తామే వాయించుకోవడం మొదలయ్యాక పిలుపులు తగ్గాయి. నా లెక్కలో వాటా అడగాల్సింది అందుకే. ఈ వృత్తిలో సంపాదించే కాలం చిన్నది, పాట వినిపించే కాలం పెద్దది.

మిడి మాంత్రికుడు

నిజం చెప్తే తిట్టకండి. నేను కీబోర్డు ప్రోగ్రామర్ని. ఒక కంపెనీ అమ్మే ప్లగిన్ల (కంప్యూటర్లో వాద్యాల్ని మోగించే సాఫ్ట్‌వేర్ల) వరుసకి పేరే "సెషన్ గిటారిస్ట్". కార్డు నొక్కితే స్ట్రమ్మింగ్ (తీగలన్నీ కలిపి మీటడం) అదే వస్తుంది, వేలు జారిన చప్పుడుతో సహా. సగటు పాట వెనక అకౌస్టిక్ గిటార్ కావాలంటే నేను మనిషిని పిలవను. పిలిచేది స్లైడ్ కావాలన్నప్పుడు, నైలాన్ తీగల మీద గమకం కావాలన్నప్పుడు, లేదా ఆరోతీగ చేసినట్టు బుర్రలోంచి ఏదైనా తీసి ఇస్తాడన్నప్పుడు. వాటా గీటా అని కాగితాలు పెడితే ఆ పిలుపు కూడా ఆలోచించే చేస్తారు.

వడపళని పాతకాపు

బాబూ, మీరు చెప్పింది మీకే ఎదురు తిరుగుతోంది. సాదా స్ట్రమ్మింగ్ మిషన్ చేస్తోంది, మనిషిని పిలిచేది ఆలోచన కోసం అంటున్నారు. మరి ఇచ్చే డబ్బు మాత్రం స్ట్రమ్మింగ్ రేటేనా? మా రోజుల్లో కాల్షీటు అంటే గంటలకి ఇచ్చే డబ్బు, ఆలోచన సంగీత దర్శకుడిది. ఇప్పుడు ఆలోచన కూడా ఇంటి నుంచే తెప్పించుకుంటూ రేటు మాత్రం గంటల లెక్కలోనే ఉంచారు.

ఆరోతీగ

పాతకాపు గారూ, నేను రెండురోజులుగా చెప్పలేకపోయింది ఇదే.

ఫేడర్‌బాబూ, నష్టంలో పాలు వద్దా అన్నావు. పాటల రచయిత నష్టంలో పాలు పంచుకుంటున్నాడా? సంగీత దర్శకుడు? వాళ్లకీ పారితోషికం ముందే వస్తుంది, పాట ఆడితే రాయల్టీ పైనుంచి వస్తుంది. 2012 సవరణ వాళ్లకి అది వదులుకోవడానికి వీల్లేని హక్కు చేసింది. అప్పుడు "నష్టంలో పాలు" అని ఎవరూ అడగలేదు, నా దగ్గరికి వచ్చేసరికి గుర్తొచ్చిందా?

ఒప్పుకోని మాట ఒకటుంది. పాతకాపు గారూ, రాసిచ్చింది వాయించినవాడికీ అంతే వాటా అంటే నలభై మంది వయొలిన్లకీ ఇవ్వాలి, అప్పుడు ఎవరికీ ఏమీ రాదు. నేను నా గీత దగ్గరే ఉన్నా.

వడపళని పాతకాపు

నలభై మందికి తలా ఒక రూపాయి వచ్చినా లెక్కలో పేరుంటుంది కదండీ. గాయకుల సంఘం కూడా మొదట్లో వాళ్లవరకే చూసుకుంది, తర్వాతే వాద్యకారుల్ని కలుపుకుంది. మీరూ లీడ్ వాయించేవాళ్లవరకే చూసుకుంటే వెనక వరసవాడు మీతో ఎందుకు నిలబడతాడు?

లాపాయింటు

కోర్టుకి వెళ్లకుండా చేయగలిగింది చెప్తాను. ఫైలు పంపే ముందే ఒక సందేశం పెట్టండి. "ఈ ఎత్తుగడ నేను కూర్చినది, గిటార్ క్రెడిట్ నా పేరున వేయాలి, ఈ మొత్తం తెలుగు పాటకి మాత్రమే, ఇతర భాషల్లో వాడితే విడిగా మాట్లాడుకుందాం." అవతల ఆయన బొటనవేలు ఎమోజీ పెట్టినా మీ చేతిలో ఏదో ఒక ఆధారం ఉంటుంది. గడిచిపోయిన పాటకి మీరు పంపిన ఫైళ్లు, తేదీలు, ఆయన వాయిస్ మెసేజ్‌లు చెరిపేయకుండా దాచుకోండి.

ఫేడర్‌బాబు

భాషకింత అని అడుగుడు న్యాయమే, నేనైతే ఇప్పిస్తా. క్రెడిట్ గూడ సరే, డిస్క్రిప్షన్ల ఒక లైను రాసేటందుకు ఎవరి సొమ్మూ పోదు. పర్సెంటేజీ అంటవా, అది లేబుల్‌తోని తేల్చుకో, మ్యూజిక్ డైరెక్టర్‌ని నడుమ నిలబెట్టకు. ఒకటి అడుగుత, కోపం చెయ్యకు. ఈ మెసేజ్ నువ్వు పెట్టినవ్ అనుకో. అదే బిట్టు పెట్టకుండ ఇచ్చేటోళ్లు కృష్ణానగర్ల ఎంతమంది లేరు?

ఆరోతీగ

ఉన్నారు. అందుకే ఆదివారం మా గిటార్ వాళ్ల గ్రూపులో ముందు ఈ సందేశమే పెడుతున్నా. ఎంతమంది ఒప్పుకున్నారో ఇక్కడే రాస్తా. ఈలోగా లాపాయింటు గారూ, బొటనవేలు ఎమోజీ రాతపూర్వక ఒప్పందం కిందికి వస్తుందా రాదా, అది తేల్చండి.